ఐఫోన్‌లో గీసిన డిజైన్‌నే ఆండ్రాయిడ్‌లోనూ పెట్టాం, కస్టమర్ గుమ్మంలో పాలు పాడైపోయాయి

పాలపిట్ట (మాధాపూర్)

నమస్తే అందరికీ. మాది మాధాపూర్‌లో ఆరుగురం ఉన్న చిన్న డిజైన్ ఆఫీసు. ఏడాదిగా ఒక పాల డైరీ యాప్ మా చేతిలో ఉంది. పొద్దున్నే ఇంటికి ప్యాకెట్లు వస్తాయి, నెలకోసారి యూపీఐలో డబ్బు కడతారు, ఊరెళ్లేవాళ్లు ఆ రోజులకి పాలు వద్దని యాప్‌లో పెట్టుకుంటారు. రాత్రి 9 లోపు పెడితే మర్నాటి నుంచి ఆగిపోతాయి. యాప్ అంతే.

క్లయింట్ గారిది ఐఫోన్. మా ఆఫీసులో డిజైన్ చేసే ముగ్గురివీ ఐఫోన్లే. ఫిగ్మా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో ఐఫోన్ ఫ్రేమ్ పెట్టి అన్నీ గీశాం, అవే స్క్రీన్లు ఆండ్రాయిడ్‌కి కూడా అని డెవలపర్‌కి ఇచ్చేశాం. "బ్రాండ్ ఒకటే కదా, రెండు ఫోన్లలోనూ ఒకేలా కనిపించాలి" అన్నారు క్లయింట్. మాకూ పని తగ్గుతుందని సరే అన్నాం. ఆయన కస్టమర్లలో ఎక్కువమందిది ఆండ్రాయిడ్ అని మాకు అప్పుడే తెలుసు.

పోయిన నెల కేపీహెచ్‌బీ నుంచి ఒక పెద్దావిడ ఫోన్ చేశారు. "నేను మూడు రోజులు వద్దని పెట్టాను, అయినా వేశారు" అని. సర్వర్‌లో చూస్తే ఆవిడ పెట్టినట్టు ఏమీ లేదు. సపోర్ట్‌లో ఉన్న అమ్మాయి ఆ మాటే చెప్పింది. అబద్ధం చెప్తున్నానంటారా అని ఆవిడకి కోపం వచ్చింది, రావడం న్యాయమే. నేనే వాళ్లింటికి వెళ్లాను. తిరుపతి నుంచి వచ్చేసరికి తలుపు గడియకి కట్టిన సంచిలో ఆరు ప్యాకెట్లు ఉబ్బిపోయి ఉన్నాయట. రెండు పగిలి గుమ్మమంతా కారి, ఎదురు ఫ్లాట్ వాళ్లు కడిగారట.

"ఎలా పెట్టారో ఇంకోసారి చూపిస్తారా అమ్మా" అని అడిగాను. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని క్యాలెండర్ తెరిచారు. మూడు తేదీలు నొక్కారు. మూడూ బూడిదరంగుకి మారాయి. తర్వాత బొటనవేలితో స్క్రీన్ కుడి అంచు నుంచి లోపలికి జరిపారు. క్యాలెండర్ మూసుకుపోయింది. "ఇదిగో, పెట్టేశాను" అన్నారు.

పై కుడిమూలన సన్నటి అక్షరాలతో 'డన్' అని మేం పెట్టిన బటన్‌ని ఆవిడ చూడనే లేదు. అది నొక్కకపోతే ఏదీ సేవ్ కాదు. నాకు అక్కడే కాళ్లు చల్లబడ్డాయి. ఇలా ఇంకెంతమందికి జరిగిందో!

ఇప్పుడు అడిగేదేంటంటే, తమ ఫోన్లలో యాప్‌లు ఎలా ఉండాలో చెప్పే ఆపిల్ గైడ్‌లైన్స్, గూగుల్ మెటీరియల్ గైడ్‌లైన్స్ రెండూ చదివి రెండు వేరే డిజైన్లు చేయాలా? ఉన్న చిన్న టీమ్‌తో అది అయ్యే పనేనా? ఎంతవరకు పాటించాలి, ఎక్కడ మన దారిన మనం పోవచ్చు? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

నల్లకుంట

ముందు ఆవిడకి డబ్బులు వెనక్కి ఇచ్చారా?

పాలపిట్ట (మాధాపూర్)

ఆ రోజే ఇప్పించాను అండీ. క్లయింట్ స్వయంగా ఫోన్ చేసి క్షమాపణ చెప్పారు.

కోడుకొమ్మ (గచ్చిబౌలి)

ఆండ్రాయిడ్ డెవలపర్‌ని, తొమ్మిదేళ్లుగా ఇదే పని. మీరు రాసింది చదువుతుంటే నేను చేసిన యాప్‌లే కళ్లముందు కదిలాయి.

ఆవిడ చేసినదాంట్లో తప్పేమీ లేదు. ఆండ్రాయిడ్‌లో 'వెనక్కి' అనేది యాప్‌ది కాదు, ఫోన్‌ది. మొదట్లో స్క్రీన్ కింద దానికి విడిగా ఒక బటనే ఉండేది. 2019లో ఆండ్రాయిడ్ 10 వచ్చాక ఎడమ అంచు నుంచైనా, కుడి అంచు నుంచైనా వేలు లోపలికి జరిపితే వెనక్కి వెళ్తుంది. ఐఫోన్‌లో అలా కాదు. పై ఎడమ మూలన బాణం ఉంటుంది, లేదా ఎడమ అంచు నుంచి జరపాలి. కింద నుంచి పైకి లేచిన షీట్ అయితే కిందికి లాగి మూస్తారు. ఐఫోన్ వాడేవాళ్ల చూపు పై మూలలకి అలవాటు పడింది, ఆండ్రాయిడ్ వాళ్ల వేలు అంచులకి అలవాటు పడింది.

అయితే ఒక మాట. మీరు ఐఫోన్ గైడ్‌లైన్స్ పాటించి ఆండ్రాయిడ్‌వి వదిలేశామనుకుంటున్నారు. నాకు చూస్తే రెండూ పాటించలేదనిపిస్తోంది. సేవ్ కాని మార్పులతో షీట్‌ని కిందికి లాగితే, వదిలేయాలా వద్దా అని అడగమని ఆపిల్ చెప్తుంది. మెటీరియల్‌లోనూ పూర్తి స్క్రీన్ డైలాగ్ (స్క్రీనంతా తెరుచుకునే పెట్టె) మూసేటప్పుడు అదే చెప్తారు. మీ ఐఫోన్ యాప్‌లో క్యాలెండర్‌ని కిందికి లాగి చూడండి, ఏమీ అడక్కుండా మూసుకుంటుందని పందెం.

పాలపిట్ట (మాధాపూర్)

ఇప్పుడే చూశాను. మూసుకుంది. తేదీలూ పోయాయి. అంటే ఐఫోన్ వాళ్లకీ జరిగే ఉంటుంది, ఎవరూ చెప్పలేదు అంతే.

అమీర్‌పేట మాస్టారు

నేను అమీర్‌పేటలో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో యూఐ (యాప్ స్క్రీన్ల డిజైన్) పాఠాలు చెప్తాను. ప్రతి బ్యాచ్‌లోనూ పిల్లలు తికమక పడేది ఇక్కడే కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

ఆపిల్ వాళ్ల హ్యూమన్ ఇంటర్‌ఫేస్ గైడ్‌లైన్స్ ఐఫోన్‌తో పుట్టినవి కావు. 1987లోనే మాకింతోష్ కోసం పుస్తకంగా అచ్చువేశారు. ఐఫోన్ వచ్చింది 2007లో. గూగుల్ మెటీరియల్ డిజైన్‌ని 2014 జూన్‌లో ప్రకటించింది. అంతకుముందు ఆండ్రాయిడ్‌లో చాలా యాప్‌లది ఎవరి దారి వాళ్లదే. 2021లో ఆండ్రాయిడ్ 12తో మెటీరియల్ మూడో రూపం వచ్చింది, వాల్‌పేపర్ రంగుల్ని బట్టి యాప్ రంగులు మారేది అప్పటి నుంచే.

ఈ రెండూ సలహాలు. పాటించకపోతే యాప్‌ని స్టోర్‌లోకి రానివ్వరని చాలామంది భయపడతారు. రానివ్వకుండా ఆపేది వేరే పత్రం, దాన్ని యాప్ స్టోర్ రివ్యూ నిబంధనలు అంటారు. ఉదాహరణకి యాప్‌లో అకౌంట్ తెరవనిస్తే, ఆ అకౌంట్‌ని యాప్‌లోనే తీసేసుకునే వీలు ఉండాలని ఆపిల్ 2022 జూన్ 30 నుంచి పట్టుబడుతోంది. ప్లే స్టోర్‌లోనూ తర్వాత ఆ నిబంధన వచ్చింది. అది తప్పించుకోలేం. ట్యాబ్ బార్‌లో (స్క్రీన్ అడుగున ఉండే వరుసలో) ఎన్ని ఐకాన్లు పెట్టావని మాత్రం ఎవరూ యాప్ ఆపరు.

మరి ఆపనప్పుడు ఎందుకు చదవాలి అని పిల్లలు అడుగుతారు. మెట్రోలో మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా ఏ స్టేషన్‌లో దిగినా కార్డు ఎక్కడ పెట్టాలో, ఎస్కలేటర్ మీద ఎలా నిలబడాలో కొత్తగా నేర్చుకోం కదా. ఒక్క స్టేషన్‌లో గేటు తలకిందులుగా పెడితే ఆ స్టేషన్‌లోనే జనం గుంపు కడతారు. మీ కస్టమర్ రోజంతా వాట్సాప్, యూట్యూబ్, బ్యాంకు యాప్ వాడుతుంది. మీ పాల యాప్ దగ్గరికి రోజుకి అర నిమిషం వస్తుంది. ఆ అర నిమిషానికి కొత్త అలవాటు నేర్చుకోదు.

ఇంకో సంగతి, గైడ్‌లైన్స్‌ని మొదటి పేజీ నుంచి చివరిదాకా చదవకండి, ఎవరూ చదవలేరు. మీ స్క్రీన్‌లో ఏ వస్తువు ఉందో దాని పేజీ మాత్రం చదవండి. క్యాలెండర్ ఉంటే డేట్ పికర్ పేజీ, స్విచ్ ఉంటే స్విచ్ పేజీ. మెటీరియల్ స్విచ్ పేజీలో గూగుల్ ఒక మాట రాసింది: స్విచ్ జరపగానే పని జరిగిపోవాలి, సేవ్ నొక్కేదాకా ఆగకూడదు. మీ పాల సమస్యకి సగం జవాబు అక్కడే ఉంది.

రంగులపెట్టె

నేను ఒప్పుకోను. పన్నెండేళ్లుగా ఫ్రీలాన్స్ చేస్తున్నాను, బేగంబజార్ డ్రైఫ్రూట్ కొట్టు నుంచి బంజారాహిల్స్ ఆస్పత్రుల దాకా చేశాను.

2013లో ఐఓఎస్ 7 వచ్చి నిగనిగలన్నీ తీసేసి అంతా చదును చేయమన్నారు. చేశాం. 2025 జూన్‌లో ఐఓఎస్ 26తో లిక్విడ్ గ్లాస్ అని మళ్లీ గాజులా మెరవమన్నారు. ఆండ్రాయిడ్‌లో మూడు గీతలు నొక్కితే పక్క నుంచి తెరుచుకునే డ్రాయర్ మెనూ పెట్టమన్నారు, తర్వాత కింద బార్ పెట్టమన్నారు. 2025లోనే మెటీరియల్ ఎక్స్‌ప్రెసివ్ అని ఆకారాలు, కదలికలు మళ్లీ మార్చారు. వాళ్లు మార్చుకున్నప్పుడల్లా మా కొట్టువాడు లక్షలు పోసి యాప్ మార్చుకోవాలా? వాళ్ల కంపెనీల అభిరుచి మన నెత్తిన ఎందుకు?

రెండోది, అందరూ అదే పుస్తకం చూసి చేస్తే అన్ని యాప్‌లూ ఒకేలా ఉంటాయి. లోగో మీద చెయ్యి పెట్టి మూస్తే ఏది ఏ యాప్పో చెప్పలేం. డైరీ ఆయన బ్రాండ్ ఒకటే అన్నదాంట్లో తప్పేముంది? డబ్బు పెట్టేది ఆయన.

కోడుకొమ్మ (గచ్చిబౌలి)

రంగులపెట్టె గారూ, ఖర్చు గురించి మీరన్నది నిజం. కానీ ఆ ఖర్చు ఎవరికి పడింది? ఫోన్ ఇచ్చే ట్యాబ్ బార్, ఫోన్ ఇచ్చే స్విచ్, ఫోన్ ఇచ్చే షీట్ వాడినవాళ్లకి ఐఓఎస్ 26 కోసం కొత్త ఎక్స్‌కోడ్‌లో (ఐఫోన్ యాప్‌లు తయారుచేసే ఆపిల్ సాఫ్ట్‌వేర్) మళ్లీ బిల్డ్ చేయగానే చాలావరకు కొత్త రూపం దానంతట అదే వచ్చింది. కూర్చుని వారాల తరబడి సరిచేసుకున్నది సొంతంగా బార్ గీసుకున్నవాళ్లే. మాకు తెలిసిన ఒక టీమ్‌ని చూశాను, సొంత ట్యాబ్ బార్ వల్ల నెల పోయింది.

ఒకే కోడ్‌తో రెండు ఫోన్లకీ యాప్ చేసే ఫ్లట్టర్‌లో పనిచేసేవాళ్ల సంగతి వేరు, అది తన వస్తువుల్ని తనే గీసుకుంటుంది కాబట్టి ఫోన్‌తోపాటు మారదు. అయినా అందులో స్విచ్‌కి అడాప్టివ్ అనే రకం ఉంది, ఒకే కోడ్ రాస్తే ఐఫోన్‌లో ఐఫోన్ స్విచ్‌లా, ఆండ్రాయిడ్‌లో ఆండ్రాయిడ్ స్విచ్‌లా వస్తుంది. పాలపిట్ట గారూ, మీ యాప్ దేంట్లో చేశారు?

పాలపిట్ట (మాధాపూర్)

ఫ్లట్టర్‌లోనే.

కోడుకొమ్మ (గచ్చిబౌలి)

అయితే రెండు డిజైన్లు అక్కర్లేదు. ఒకే డిజైన్, పది పన్నెండు చోట్ల తేడా. వెనక్కి వెళ్లే తీరు, స్విచ్, డైలాగ్, షేర్ ఐకాన్, స్క్రీన్ చివరికి వచ్చాక స్క్రోల్ ఎలా ఆగాలి, ఇలాంటివి. వీటిలో సగం ఫ్లట్టర్ అడక్కుండానే చూసుకుంటుంది, మీ డిజైనర్లు అడ్డుపడకపోతే చాలు.

వినేవాడు (మలక్‌పేట)

నాకు చూపు లేదు. స్క్రీన్ మీద ఉన్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్‌తో ఫోన్ వాడతాను. రంగులపెట్టె గారు అన్ని యాప్‌లూ ఒకేలా ఉంటాయని బాధపడ్డారు. నా వైపు నుంచి ఎలా ఉంటుందో చెప్తాను.

వేలు కుడికి జరిపితే ఒక్కో వస్తువు మీదికి వెళ్తుంది, అదేంటో చెప్తుంది. ఫోన్ ఇచ్చే స్విచ్ అయితే "రేపు పాలు, స్విచ్, ఆన్‌లో ఉంది" అంటుంది. పేరు, రకం, స్థితి మూడూ తెలుస్తాయి. రెండుసార్లు తడితే "ఆఫ్" అంటుంది. నాకు ఇంక అనుమానం ఉండదు.

సొంతంగా గీసిన అందమైన స్విచ్ అయితే చాలాసార్లు అసలు ఏమీ అనదు. వేలు దాని మీద నుంచి దాటిపోతుంది, అక్కడొకటి ఉందని కూడా నాకు తెలీదు. లేదంటే పేరు లేని బటన్ అని మాత్రం అంటుంది. పోయిన ఏడాది మందులు తెప్పించుకునే ఒక యాప్‌లో వరసగా నాలుగు బటన్లు పేర్లు లేకుండా ఉండేవి. మొదటిది కార్ట్, రెండోది తీసేయడం అని మా తమ్ముడు చూసి చెప్తే లెక్కపెట్టి గుర్తుపెట్టుకున్నాను. తర్వాతి అప్‌డేట్‌లో వరస మారింది. అమ్మ బీపీ మాత్రలు కార్ట్‌లోంచి తీసేసి, ఆర్డర్ పెట్టాననుకున్నాను.

మీరు గైడ్‌లైన్స్ అంటున్నవి నాకు మెట్ల పక్కన చేత్తో పట్టుకునే రెయిలింగ్ లాంటివి. సొంత డిజైన్ చేయొద్దనడం లేదు. చేస్తే పేరు, రకం, స్థితి కూడా మీరే రాయాలి. ఫోన్ ఇచ్చేదాంట్లో రకం, స్థితి ముందే ఉంటాయి, మీరు పేరొక్కటి రాస్తే సరిపోతుంది.

పాలపిట్ట గారూ, మీ టెస్ట్ బిల్డ్ (పరీక్షించడానికి ఇచ్చే యాప్ కాపీ) పంపితే నేను విని చెప్తాను.

పాలపిట్ట (మాధాపూర్)

తప్పకుండా అండీ. మెసేజ్ పెడుతున్నాను. మీరు రాసింది ఆఫీసులో అందరికీ చదివి వినిపించాను.

రంగులపెట్టె

వినేవాడు గారూ, మాత్రల సంగతి చదివాక కాసేపు ఏమీ రాయలేకపోయాను. నేను చేసిన వాటిలో ఎన్నింటికి పేర్లు రాశానో వెనక్కి వెళ్లి చూసుకోవాలి. ఆ విషయంలో నా వాదన వెనక్కి తీసుకుంటున్నాను.

బ్రాండ్ విషయంలో మాత్రం ఇప్పటికీ అదే అంటాను. రంగు, బొమ్మలు, మాట తీరు, మొదటి స్క్రీన్‌లో ఏది ముందు కనిపించాలి, ఇవి మనవి. డైరీ ఆయన ప్యాకెట్ మీద ఉన్న ఆకుపచ్చ, గేదె బొమ్మ యాప్‌లో ఉండాల్సిందే. వాటిని తీసేసి గూగుల్ ఊదారంగు పెట్టమని ఎవరైనా అంటే పోట్లాడతాను.

అమీర్‌పేట మాస్టారు

ఎవరూ అనరు. రెండు గైడ్‌లైన్సూ సొంత రంగులు పెట్టుకోమనే చెప్తాయి. ఒక్క షరతు, అక్షరానికీ వెనక రంగుకీ తేడా కనీసం 4.5:1 ఉండాలి, పెద్ద అక్షరాలకి 3:1 చాలు. పాలపిట్ట గారూ, ఆ ఆకుపచ్చ మీద తెల్ల అక్షరాలు ఎంత వస్తున్నాయో కొలిచారా?

పాలపిట్ట (మాధాపూర్)

కొలిచాను మాస్టారూ. 2.8 వచ్చింది. రెండు షేడ్‌లు ముదురు చేస్తే 5 దాటింది. క్లయింట్‌కి పక్కపక్కన చూపిస్తే తేడా కనిపెట్టలేకపోయారు, ప్యాకెట్ రంగే అనుకున్నారు.

బండిమీద (ఉప్పల్)

అన్నా, మీరంతా కస్టమర్ యాప్ గురించి మాట్లాడుతున్నారు. నేను నాలుగేళ్లు ఇంటింటికీ పాలు వేశాను, ఇప్పుడు ఒక డెలివరీ హబ్‌లో సూపర్‌వైజర్‌ని. డెలివరీ వాళ్లకి కూడా ఒక యాప్ ఉంటది, దాని గురించి ఎవరూ ఆలోచించరు.

పొద్దుగాల 4 గంటలకు లోడ్ ఎత్తుతాం. ట్రేలు ఐసు నీళ్లతో తడిగా ఉంటాయి, చేతులు తడి. ఎడమ చేతిలో సంచి, కుడి చేతిలో ఫోన్, బొటనవేలు ఒక్కటే ఖాళీ. లిఫ్ట్ తలుపు మూసుకునేలోపు నొక్కాలి. నేను వాడిన యాప్‌లో 'ఇచ్చాను', 'ఇంట్లో లేరు' రెండు బటన్లు ఒకదాని పక్కన ఒకటి అతికించినట్టు ఉండేవి. తడి వేలితో ఒకటి నొక్కితే ఇంకోటి పడేది. 'ఇంట్లో లేరు' పడితే పాలు వేసినా నా లెక్కలో లేనట్టే. నెలాఖరుకి ఆ ప్యాకెట్ల డబ్బు నా జీతంలో కోసేవాళ్లు. ఆఫీసుకు పోయి మొత్తుకుంటే "నువ్వే నొక్కినవ్ కదా" అనేవాళ్లు.

బటన్ ఎంత సైజు ఉండాలో పుస్తకంలో రాసి ఉంటదని నాకు ఈ చర్చ చూసేదాకా తెలీదు. ఎంత ఉండాలి అన్నా?

కోడుకొమ్మ (గచ్చిబౌలి)

రాసి ఉంది తమ్ముడూ. ఆండ్రాయిడ్‌లో అడ్డం, నిలువు కనీసం 48 డీపీ (ఆండ్రాయిడ్ స్క్రీన్ కొలత), అంటే ఏ ఫోన్‌లోనైనా దాదాపు 9 మిల్లీమీటర్లు. రెండింటి మధ్య 8 డీపీ ఖాళీ. ఆపిల్ అయితే 44 పాయింట్లు. ఐకాన్ చిన్నగా కనిపించినా పర్లేదు, వేలు తగిలే చోటు మాత్రం అంత ఉండాలి. వెబ్ ప్రమాణాల్లో 2023లో వచ్చిన రూపం 24 పిక్సెళ్లున్నా ఒప్పుకుంటుంది, కానీ అది కనీసంలో కనీసం. తడి చేతికి 48 కూడా తక్కువే. మీ పనికి నేనైతే 'ఇచ్చాను' బటన్‌ని స్క్రీన్ అడుగున పూర్తి వెడల్పుతో పెడతాను. 'ఇంట్లో లేరు' పైన ఎక్కడో విడిగా ఉంటుంది, నొక్కాక ఇంకోసారి అడుగుతుంది.

నీ జీతం కోసింది డిజైన్ తప్పు. నీది కాదు.

బండిమీద (ఉప్పల్)

థాంక్స్ అన్నా. ఈ 48 లెక్క రాసుకుని మా యాప్ వాళ్లకు పంపుతా.

ఒత్తక్షరం (నారాయణగూడ)

ఒక ముఖ్యమైన సంగతి ఎవరూ ఎత్తలేదు. యాప్ తెలుగులో ఉందా? నేను ఫాంట్లతో, తెలుగు లోకలైజేషన్‌తో (యాప్‌లని తెలుగులోకి మార్చడం) పనిచేస్తాను.

గైడ్‌లైన్స్‌లో ఇచ్చే కొలతలు చాలావరకు ఇంగ్లిష్ అక్షరం మీద లెక్కకట్టినవి. మెటీరియల్‌లో మామూలు పాఠ్యం 16 ఎస్‌పీ (అక్షరాల సైజు కొలత), వరుస ఎత్తు 24. మన అక్షరానికి పైన గుడి ఉంటుంది, కింద ఒత్తు ఉంటుంది, 'స్త్రీ'లో ఒత్తు కింద ఇంకో ఒత్తు. బటన్ ఎత్తుని గట్టిగా బిగించేస్తే 'సబ్‌స్క్రిప్షన్' అనే మాటలో 'స్క్రి' కింది ఒత్తులు సగం తెగిపోతాయి. మెటీరియల్ పాత రూపంలో ఈ విషయం స్పష్టంగా రాశారు. భాషల్ని మూడు రకాలుగా విడదీసి, హిందీ, థాయ్, అరబిక్‌లతోపాటు తెలుగుని పొడవు లిపుల్లో చేర్చి, వాటికి వరుస ఎత్తు ఎక్కువ కావాలని చెప్పారు. మన డిజైనర్లలో ఆ పేజీ చదివినవాళ్లు నాకు చాలా తక్కువమంది తగిలారు.

దీనికి తోడు పెద్దవాళ్లు ఫోన్‌లో అక్షరాల సైజు పెంచుకుంటారు. ఆండ్రాయిడ్ 14 నుంచి 200 శాతం దాకా పెంచుకోవచ్చు. ఐఫోన్‌లో డైనమిక్ టైప్ అని 2013 నుంచీ ఉంది. అక్షరం పెరిగినప్పుడు బటన్ కూడా పెరగాలి, మాట రెండో వరుసకి దిగాలి. మా ఆఫీసులో ఒక పరీక్ష పెట్టుకున్నాం. ప్రతి బటన్‌లోనూ 'రాష్ట్రస్త్రీ' అని కొట్టి, సైజు చివరిదాకా పెంచి చూస్తాం. ఆ మాటకి అర్థం లేదు, కానీ పైనా కిందా కొలిచేస్తుంది. అది తెగకపోతే ఇంకేదీ తెగదు.

అక్షరాల మధ్య ఖాళీ పెంచడం ఇంగ్లిష్ హెడ్డింగులకి బాగుంటుంది, తెలుగులో చేస్తే మాట విడిపోయి చదవలేం. ఇంగ్లిష్ బటన్‌ని పెద్దక్షరాల్లో పెట్టి ప్రాధాన్యం చూపిస్తారు, మనకి పెద్దక్షరాలు లేవు. మందం, సైజు, రంగు, ఇవే మన చేతిలో ఉన్నవి.

ఇక మాట గురించి. పాలపిట్ట గారూ, ఆ క్యాలెండర్ స్క్రీన్‌లో ఏమని రాశారు?

పాలపిట్ట (మాధాపూర్)

పైన 'సబ్‌స్క్రిప్షన్ పాజ్ చేయండి'. తేదీలు ఎంచుకున్నాక 'డన్'. తెలుగు వెర్షన్‌లో 'పూర్తయింది'.

ఒత్తక్షరం (నారాయణగూడ)

ఆ పెద్దావిడ మీతో ఏమన్నారు? "మూడు రోజులు వద్దని పెట్టాను" అన్నారు. ఆవిడ మాటే స్క్రీన్ మీద పెట్టండి. 'ఏ రోజుల్లో పాలు వద్దు?' అని పైన. తేదీ నొక్కగానే కింద 'శుక్రవారం పాలు రావు' అని కనబడాలి. బటన్ మీద పని పేరు ఉండాలని ఆపిలూ చెప్తుంది, గూగులూ చెప్తుంది. 'పూర్తయింది' అంటే ఏది పూర్తయింది?

నల్లకుంట

ఇది చదివి మా నాన్న ఫోన్‌లో అక్షరాల సైజు పెంచి మా అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ యాప్ తెరిచాను. 'చెల్లించండి' బటన్ స్క్రీన్ బయటికి పోయింది. పాపం ఆయన ప్రతి నెలా నన్ను కట్టమనేది ఇందుకా!

పాలపిట్ట (మాధాపూర్)

ఇంకో సందేహం. మా యాప్ మొదటిసారి తెరవగానే నోటిఫికేషన్లు పంపొచ్చా, లొకేషన్ తీసుకోవచ్చా అని రెండూ ఒకేసారి అడుగుతుంది. చాలామంది వద్దంటున్నారు. తర్వాత బిల్ కట్టాల్సిన మెసేజ్ వాళ్లకి చేరట్లేదు. దీనికేమైనా పద్ధతి ఉందా?

కోడుకొమ్మ (గచ్చిబౌలి)

అవసరం వచ్చినప్పుడు అడగాలి, అదే పద్ధతి. ఇంట్లోకి అడుగుపెట్టకుండానే బీరువా తాళాలు అడిగితే ఎవరిస్తారు? ఆండ్రాయిడ్‌లో 6వ వెర్షన్ నుంచి, అంటే 2015 నుంచి, అనుమతులు వాడేటప్పుడే అడిగే ఏర్పాటు ఉంది. నోటిఫికేషన్లకి అనుమతి అడగడం ఆండ్రాయిడ్ 13తో వచ్చింది. ఐఫోన్‌లో ఆ పెట్టె ఒక్కసారే వస్తుంది. వద్దంటే మళ్లీ సెట్టింగ్స్‌లోకి వెళ్లి మార్చుకోవాల్సిందే. ఇప్పటి ఆండ్రాయిడ్‌లో రెండుసార్లు వద్దంటే అంతే సంగతి. అందుకే ఆ ఒక్క అవకాశాన్ని మొదటి స్క్రీన్‌లో పారేసుకోకండి. మొదటి ఆర్డర్ పెట్టాక 'రేపు పొద్దున పాలు వచ్చాయో లేదో మెసేజ్ పంపమంటారా?' అని మీ స్క్రీన్‌లో అడగండి. సరే అంటేనే ఫోన్ పెట్టె తెరవండి. లొకేషన్ అయితే అడ్రస్ రాసే చోట మాత్రమే, అది కూడా చేత్తో రాసుకునే దారి పక్కనే ఉంచి.

పాలపిట్ట (మాధాపూర్)

ఐదు వారాల తర్వాత వస్తున్నాను. ఏం చేశామో చెప్పాలి కదా.

క్లయింట్‌ని ఒప్పించడానికి గైడ్‌లైన్స్ పేజీలు చూపించలేదు. ఆయన్ని కేపీహెచ్‌బీ తీసుకెళ్లాను. ఆవిడ అదే క్యాలెండర్ ఇంకోసారి తెరిచి, తేదీలు నొక్కి, అంచు నుంచి జరిపారు. ఆయన పక్కన కూర్చుని చూశారు. తిరిగి వచ్చేటప్పుడు కారులో "మార్చెయ్యండి" అన్నారు, ఇంకేమీ అనలేదు.

డన్ బటన్ తీసేశాం. తేదీ నొక్కగానే సేవ్ అవుతుంది, కింద 'శుక్రవారం పాలు రావు' అని వస్తుంది, పక్కనే 'మళ్లీ కావాలి' అని ఉంటుంది. ఆండ్రాయిడ్‌లో అది స్నాక్‌బార్, అంటే అడుగున కాసేపు కనబడి పోయే పట్టీ. ఐఫోన్‌లో ఫోన్ ఇచ్చే స్నాక్‌బార్ అంటూ లేదు కాబట్టి క్యాలెండర్ కిందే ఒక వరుసగా పెట్టాం, అదైతే మాయమవ్వకుండా అక్కడే ఉంటుంది. వాడి చూశాక ఆండ్రాయిడ్‌లో కూడా ఆ వరుసే బాగుందనిపించి, రెండింటిలోనూ ఉంచేశాం. స్నాక్‌బార్ తీసేశాం. పెద్దవాళ్లు చదివేలోపు అది వెళ్లిపోతోంది.

రాత్రి 9 దాటాక రేపటి తేదీ నొక్కితే 'రేపటి పాలు బయల్దేరాయి' అని చెప్తున్నాం. ఇంతకుముందు ఆ తేదీ ఊరికే నొక్కుడుపడేది కాదు, ఎందుకో తెలిసేది కాదు.

ఆకుపచ్చ ముదురైంది. గేదె బొమ్మ ఎక్కడికీ పోలేదు రంగులపెట్టె గారూ, ఇంకా పెద్దదైంది. కింద బార్‌లో ఆరు ఐకాన్లు ఉండేవి, రెండు గైడ్‌లైన్సూ ఐదు దాటొద్దంటాయని నాలుగుకి తగ్గించాం. 'ఆఫర్లు' ఐకాన్ తీసేయడానికి క్లయింట్ ఇంకా ఇష్టపడటం లేదు, మొదటి స్క్రీన్‌లో పైన పెట్టి ప్రస్తుతానికి సర్దుకున్నాం. అది నాకు నచ్చలేదు, చూడాలి.

'రాష్ట్రస్త్రీ' పరీక్షలో పదకొండు బటన్లు ఫెయిలయ్యాయి. అన్నీ సరిచేశాం. డెలివరీ యాప్ మా చేతిలో లేదు, వేరేవాళ్లది. బండిమీద గారి పోస్టు ప్రింట్ తీసి వాళ్ల ఆఫీసులో ఇచ్చి వచ్చాను. రెండు బటన్లూ విడదీస్తామన్నారు.

బండిమీద (ఉప్పల్)

అన్నా, ఇది చదివి మా హబ్‌లో అందరికీ చూపించిన. చాలా సంతోషం.

వినేవాడు (మలక్‌పేట)

పాలపిట్ట గారూ, మీరు పంపిన బిల్డ్ రెండు రోజులు వాడాను. స్విచ్‌లు, బిల్, అడ్రస్ అన్నీ బాగా పలుకుతున్నాయి. యూపీఐ దాకా ఎవరి సాయం లేకుండా వెళ్లాను.

క్యాలెండర్‌లో ఒకటి మిగిలింది. తేదీల మీద వేలు జరిపితే "14, బటన్", "15, బటన్" అంటోంది. 15న పాలు వద్దని పెట్టాక కూడా "15, బటన్" అనే అంటోంది. బూడిదరంగు నాకు వినపడదు కదండీ. "15, శుక్రవారం, పాలు వద్దు" అనాలి.

పాలపిట్ట (మాధాపూర్)

అయ్యో, అవును. రంగు మార్చి వదిలేశాం. ఫైల్ తెరిచే ఉంది, డెవలపర్ కూడా పక్కనే ఉన్నాడు. రాత్రికి కొత్త బిల్డ్ పంపుతాను, రేపు విని చెప్పండి.